ఎస్‌యూవీ డిక్కీలో అదనపు లైట్లు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో కార్ల వైరింగ్ పని చేస్తుంటాను. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు నుంచి రొయ్యల రైతులు, గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారులు, తిరుపతి ప్రయాణం పెట్టుకున్న ఒంగోలు, కావలి కుటుంబాలు వస్తుంటారు. బండ్లు వేరు, అవసరాలు వేరు. డిక్కీ లైటు గురించి అడిగేవి మాత్రం దాదాపు ఒకటే. పని మధ్యలో ప్రతి ఒక్కరికీ వివరంగా చెప్పే తీరిక దొరకదు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

కంపెనీ ఇచ్చిన లైటు ఉంది కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు?

షోరూంలో మనం చూసేది ఖాళీ డిక్కీని. అప్పుడు ఆ లైటు చాలనే అనిపిస్తుంది. చాలా బండ్లలో అది ఒక పక్క గోడకు, నడుము ఎత్తులో ఉండే 5 వాట్ల చిన్న బల్బు. దాని ముందు రెండు మేత బస్తాలు నిలబెట్టినా, పెద్ద సూట్‌కేసు ఆనించినా వెలుగు అక్కడే ఆగిపోతుంది. అవతలి పక్క అంతా చీకటే. అంటే సామాను లేనప్పుడు బాగా వెలిగి, సామాను ఉన్నప్పుడు అక్కరకు రాకుండా పోతుంది. డిక్కీ నిండుగా ఉన్నప్పుడు కూడా పనికొచ్చే చోట లైటు ఉండాలి. ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అన్న లెక్కలన్నీ ఆ తర్వాతే.

వైరింగ్ జోలికి పోకుండా ఉన్న లైటునే పెంచుకోలేమా?

పెంచుకోవచ్చు. ముందు అదే చేసి చూడమంటాను. లైటు కవరుకు ఒక చివర సన్నని గాడి ఉంటుంది. అందులో పలచని ప్లాస్టిక్ ముక్క పెట్టి మెల్లగా ఎత్తితే ఊడి వస్తుంది. స్క్రూడ్రైవర్ పెడితే పక్కనున్న ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ తొడుగు) మీద గాటు పడుతుంది, అది ఇక పోదు. లోపల సాధారణంగా రెండు రకాల్లో ఒకటి ఉంటుంది: రెండు చివరలా లోహపు టోపీలున్న గొట్టం బల్బు, లేదా గాజు అడుగుతో లోపలికి గుచ్చే టీ10 బల్బు. గొట్టం బల్బులు 31, 36, 39, 41 మిల్లీమీటర్ల పొడవుల్లో వస్తాయి. పాతదాన్ని వెంట తీసుకెళ్లి దానికి సరిపడే ఎల్ఈడీ తెచ్చుకోవడం తేలిక. పెట్టాక వెలగకపోతే తిప్పి పెట్టండి. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి.

వెలుగు పెరుగుతుంది, నీడ సమస్య అలాగే ఉంటుంది. ఊళ్లో తిరగడానికి, ఎప్పుడో ఒకసారి సరుకులు తెచ్చుకోవడానికి బండి వాడేవాళ్లకు ఇది చాలు. అలాంటివాళ్లతో నేను అంతకు మించి ఖర్చు పెట్టించను.

మరి ఎక్కడ పెడితే నీడ పడదు?

పైకి లేచే డోర్ ఉన్న బండికైతే నా ఓటు డోర్ లోపలి వైపు, కింది అంచుకు దగ్గరగా. మూసినప్పుడు ఆ అంచు బంపరు దగ్గర ఉంటుంది. ఎత్తగానే అదే అంచు మన తల పైకి వచ్చి, లైటు కిందికి చూస్తుంది. సామాను ముందు వరస, మన చేతులు, కాళ్ల దగ్గర నేల, అన్నీ కనబడతాయి. బస్తాలు సీటు ఎత్తు దాకా పేర్చినా ఈ వెలుగుకు అడ్డం రావు. చీకట్లో బరువు దించుతూ కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియడం చిన్న విషయం కాదు. చెరువు గట్ల మీద పాములు తిరిగే చోట్ల మరీను.

రెండోది, పైకప్పుకు వెనక అంచు వెంబడి అడ్డంగా ఒక పట్టీ. డిక్కీ లోపలి దాకా వెలుగు పోవాలంటే ఇది కావాలి. దీన్ని సీట్ల వైపు చూసేలా కొంచెం వాల్చి బిగించాలి, లేకపోతే వెనక నిలబడ్డ మనిషి కళ్లలోకి కొడుతుంది. మూడోది, రెండు పక్కలా కిటికీ అద్దాల అంచు దగ్గర చిన్న లైట్లు. ఒకదాని నీడను ఇంకోటి చెరిపేస్తుంది. ఐస్ పెట్టెలు, క్రేట్లు వరసగా పెట్టేవాళ్లకు ఇవి బాగుంటాయి.

మూడూ పెట్టించుకోనక్కర్లేదు. డోర్ మీద ఒకటి, కప్పుకు ఒకటి ఉంటే ఎంత పెద్ద బండికైనా సరిపోతుంది. డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. రాత్రి పూట, మీరు మామూలుగా వేసుకునే సామానంతా వేసి, ఫోన్ టార్చి వెలిగించి ఈ చోట్లలో ఒక్కోదాని దగ్గర పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. మీరు వెనక నిలబడి చూడండి. మీ బండికి ఏది సరిపోతుందో మీకే తెలిసిపోతుంది.

మాది బొలెరో. డోర్ పక్కకు తెరుచుకుంటుంది, డోర్ మీద పెట్టొచ్చా అన్నా?

వద్దు. బొలెరో, థార్, జిమ్నీ లాంటి వాటిలో డోర్ మీద పెట్టిన లైటు డోర్‌తో పాటే పక్కకు పోయి రోడ్డును వెలిగిస్తుంది. కప్పుకే పెట్టించుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే 12 వోల్టుల స్ట్రిప్ తెచ్చుకుంటే సరిపోతుందా?

వెలుగుతుంది, ఎంతకాలం అన్నదే ప్రశ్న. ఆ స్ట్రిప్పుల్లో ఎక్కువ భాగం ఇళ్లలో, షాపుల్లో అడాప్టరు మీద సరిగ్గా 12 వోల్టులకు నడవడానికి చేసినవి. కారులో ఇంజన్ నడుస్తుంటే వోల్టేజీ 14 దాకా పోతుంది. రెండు వోల్టులేగా అనిపిస్తుంది. కానీ స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలకు, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్ ఒకటి చొప్పున ఉంటుంది. ఆ మూడూ కలిసి సుమారు 9 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3 వోల్టుల్ని రెసిస్టర్ భరిస్తుంది. సప్లయి 14 అయ్యేసరికి దాని మీద పడేది దాదాపు 5 అవుతుంది. కరెంటు సుమారు ఒకటిన్నర రెట్లకు చేరుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. దానికి మన మే నెల ఎండ తోడు. కొన్నాళ్లకు మూడు మూడు చొప్పున ఆరిపోతూ, స్ట్రిప్ మధ్య మధ్య పళ్లూడిన నోరులా తయారవుతుంది.

కాబట్టి కవరు మీద 9 నుంచి 16 వోల్టులు అనో, 10 నుంచి 30 వోల్టులు అనో రాసి ఉన్న లైట్లు అడగండి. లోపల కరెంటును అదుపు చేసే డ్రైవర్ సర్క్యూట్ ఉన్నవి ఇలా వస్తాయి. లారీలకు, బస్సులకు సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతాయి. స్ట్రిప్పే కావాలంటే 2835 రకం (అది ఎల్ఈడీ సైజు నంబరు), మీటరుకు 60 ఎల్ఈడీలున్నది తీసుకోండి. మీటరుకు 5 వాట్లకు కాస్త తక్కువే తింటుంది. 5050 రకం అదే పొడవుకు 14 వాట్ల పైన లాగుతుంది, అంత వేడి డిక్కీలో అక్కర్లేదు. కత్తిరించేటప్పుడు రాగి చుక్కల మధ్య గీత ఉన్నచోటే కత్తిరించాలి. వేరేచోట కోస్తే ఆ మూడు ఎల్ఈడీలూ వృథా.

స్ట్రిప్‌ను నేరుగా ప్లాస్టిక్‌కు అంటించకుండా అల్యూమినియం చానెల్‌లో పెట్టండి. వేడి చానెల్‌లోకి పోతుంది, పైన పాలరంగు మూత ఉంటే వెలుగు చుక్కలు చుక్కలుగా కాకుండా సమంగా పడుతుంది.

అంటించినవి ఎండకు ఊడిపోతున్నాయి. ఏం చేయాలి?

స్ట్రిప్‌తో వచ్చే టేపు మన ఎండకు నిలవదు. ఒంగోలు, నెల్లూరుల్లో వేసవిలో బయటే 43, 44 డిగ్రీలు చూస్తుంటాం. ఎండలో మూసి ఉంచిన బండి లోపల అది 60 దాకా పోతుంది. త్రీఎమ్ వీహెచ్‌బీ లాంటి మందపాటి యాక్రిలిక్ ఫోమ్ టేపు వాడండి. అంతకంటే ముఖ్యం, అంటించే చోటు శుభ్రంగా ఉండటం. ట్రిమ్‌కు పాలిష్ కొట్టి ఉంటే ఏ టేపూ పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అంటించి, వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ టేపు పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది. సాయంత్రం అంటించి పొద్దున్నే లాగి చూడొద్దు. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలకు తిరిగే బండ్లలో సన్నని రాతిదుమ్ము ప్రతి సందులోనూ ఉంటుంది. వాళ్లయితే తుడిచిన బట్ట తెల్లగా వచ్చేదాకా తుడవాలి. కుదిరినచోట రెండు చివరలా చిన్న స్క్రూలో, క్లిప్పులో వేయించుకుంటే ఇంకా నయం.

ఏ రంగు వెలుగు మంచిది?

ఇది బండిని బట్టి కాకుండా పనిని బట్టి తేల్చుకోవాలి.

రాత్రిళ్లు రొయ్యల చెరువుల దగ్గర డిక్కీ తెరిచేవాళ్లకు తెల్లటి లైటు పెట్టను. కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ పసుపు తగ్గి నీలం వైపు పోతుంది. 6500 కెల్విన్ తెలుపులో నీలం పాలు ఎక్కువ. దీపపు పురుగులు దానికే ఎగబడతాయి. మేత బస్తా దించే ఆ కాసేపట్లోనే కప్పు నిండా పురుగులు చేరి, డోర్ మూశాక లోపలే ఉండిపోతాయి. తెల్లారి ఏసీ వేస్తే మొహం మీదికి వస్తాయి. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య పసుపు వెలుగు పెడితే పురుగులు బాగా తగ్గుతాయి. పూర్తిగా రావని చెప్పను.

నిమ్మకాయలవాళ్ల సంగతి వేరు. పసుపు వెలుగులో పచ్చికాయా, పండుకాయా ఒకలాగే కనబడతాయి. వాళ్లకు 4000 నుంచి 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత అసలుగా చూపిస్తుందో చెప్పే కొలత, 100కి) 90 పైన ఉన్న లైటు కావాలి. పట్టుచీరల పెట్టెలు, పెళ్లి సామాన్లు తిప్పేవాళ్లకూ అంతే. ఇంటి వాడకానికి 4000 దగ్గర ఆగితే కంటికి హాయిగా ఉంటుంది.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి.

చాలా బండ్లలో డిక్కీ లైటుకు ప్లస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. డోర్ తెరిచినప్పుడు లాక్‌లోని స్విచ్ మైనస్‌ను కలుపుతుంది. ఈ సంగతి చూసుకోకుండా కొత్త లైటు ప్లస్‌ను పాత లైటు నుంచి తీసుకుని, మైనస్‌ను దగ్గర్లోని బోల్టుకు బాడీ ఎర్త్ ఇచ్చేస్తే లైటు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. డోర్ మూసి ఉంటుంది కాబట్టి మనకు కనబడదు. బ్యాటరీ దిగిపోయాకే తెలుస్తుంది. కాబట్టి మల్టీమీటరు పెట్టి, డోర్ తెరిచినప్పుడు ఒకసారి, లాక్‌ను వేలితో నొక్కి మూసినట్టు చేసి ఇంకోసారి, ఏ వైరు మారుతోందో చూడాలి. కొత్త లైటు రెండు వైర్లనూ పాత లైటు రెండు వైర్లకే కలపాలి.

కొత్త లైట్లన్నీ కలిపి 5 వాట్లు దాటకుండా, పాత బల్బు స్థానంలో ఎల్ఈడీ పెడితే ఇలా నేరుగా కలపొచ్చు. పాత బల్బు తీసుకున్నంత కరెంటే ఇవన్నీ తీసుకుంటాయి. అంతకు మించితే వద్దు. ఈ మధ్య వచ్చే బండ్లలో లోపలి లైట్లను బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ పెట్టె నడుపుతుంది. దాని మీద లోడు పెంచి అది పాడైతే చేతి చమురు బాగా వదులుతుంది. అప్పుడు పాత లైటు వైరును సిగ్నల్‌గా మాత్రమే వాడి, అసలు కరెంటు ఫ్యూజు బాక్సు నుంచి రిలే (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ద్వారా తేవాలి. ఒక చిక్కు ఉంది. లైటు మెల్లగా ఆరిపోయే బండ్లలో మామూలు రిలే గరగరమంటుంది. ఆరేటప్పుడు మాడ్యూల్ కరెంటును చాలా వేగంగా ఆపుతూ, ఇస్తూ ఉండటమే కారణం. అలాంటివాటికి ఎలక్ట్రానిక్ రిలే పెట్టాలి.

ఫ్యూజు బాక్సు నుంచి తీసేటప్పుడు వైరు కోయనక్కర్లేదు. పాత ఫ్యూజు, కొత్త ఫ్యూజు రెండూ పట్టే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది. మీ బాక్సులో ఉన్న ఫ్యూజు సైజుదే తీసుకోండి. ఈ లైట్లకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు, ఊదారంగులో ఉంటుంది. 10, 15 ఆంపియర్లది పెట్టి ఇక పోదులే అని కొందరు చెబుతారు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. ఎక్కడైనా ఇన్సులేషన్ చీలి వైరు బాడీకి తగిలితే సన్నవైరు కాలేదాకా పెద్ద ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. వైరు అర చదరపు మిల్లీమీటరుది, ఆటోమొబైల్ రకం తీసుకోండి. ఇళ్ల ఫ్యాన్లకు వాడే మెత్తని జంట వైరు వద్దు.

వైర్లు కలిపేచోట టేపు చుడితే చాలదా?

చాలదు. పీవీసీ టేపు జిగురు మన వేసవికి కరిగి జారిపోతుంది. వైరు పట్టుకుంటే చేతికి నల్లగా అంటుకునే ఆ బంక అదే. సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, పైన గుడ్డ టేపు చుట్టాలి. నొక్కితే వైరులోకి దిగే రెడీమేడ్ క్లిప్పులు కూడా నాకు నచ్చవు. లోపలి సన్నపోగుల్లో కొన్నింటిని కోసేస్తాయి, ఉప్పుగాలి తగిలేచోట అక్కడే చిలుం పట్టడం మొదలవుతుంది.

డోర్‌లోకి వైరు ఎలా పంపుతారు?

డోర్ కీలు పక్కన, బాడీకీ డోర్‌కూ మధ్య మడతలు మడతలుగా ఉండే నల్లటి రబ్బరు గొట్టం కనబడుతుంది. కంపెనీ వైర్లన్నీ అందులో నుంచే పోతాయి. కొత్త వైరూ అందులో నుంచే పోవాలి. శ్రమ అని చెప్పి బయట నుంచి సందులో దూర్చి పంపేవాళ్లున్నారు. ఆ వైరు డోర్ మూసిన ప్రతిసారీ నలుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకు ఆ సందు నుంచే నీళ్లు లోపలికి వస్తాయి.

ఇలా వేరే చోట చేయించుకుని వచ్చిన ఒక బండి నాకు బాగా గుర్తు. డోర్ ఎత్తితే లైటు వెలుగుతోంది, ఇంకాస్త ఎత్తితే ఆరిపోతోంది. సందులో నలిగిన చోట ఇన్సులేషన్ గోటితో గీసినట్టు చీలి ఉంది. లోపల రాగి పచ్చగా మారి, పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలింది. డోర్ ఒక కోణంలో ఉన్నప్పుడే ఆ ఒక్క పోగు ఆనుతోంది. తెగిన పోగులు బాడీకి తగలకపోవడం ఆ కుటుంబం అదృష్టం, ఎందుకంటే ఆ లైనుకు ఫ్యూజే వేయలేదు.

రబ్బరు గొట్టం రెండు చివరలూ ఊడదీసి, లోపల కొద్దిగా సిలికాన్ స్ప్రే కొట్టి, గట్టి తీగకు వైరును కట్టి లాగితే వస్తుంది. డోర్ పూర్తిగా తెరిచినప్పుడు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాలి.

ట్రిమ్ ఊడదీసి నేనే చేసుకోవచ్చా?

చేతికి పని అలవాటు ఉంటే చేసుకోవచ్చు, ఒక్క విషయంలో జాగ్రత్త. వెనక స్తంభాల ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే లోపల కప్పు అంచు వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. వైరు దాని ముందు నుంచి పోకూడదు, దానికి కట్టకూడదు. ప్రమాదంలో అది విచ్చుకునే దారికి ఏదీ అడ్డం ఉండకూడదు. పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), పసుపు స్లీవ్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మీటరు కూడా పెట్టొద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి ఐదు నిమిషాలు ఆగండి. నమ్మకం లేకపోతే స్తంభాల ట్రిమ్ జోలికి పోకుండా అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. ఇందులో పొదుపు చూసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

డిక్కీ తెరిచిపెట్టుకుని కూర్చుంటే బ్యాటరీ దిగిపోతుందా?

రొట్టెల పండుగకు వచ్చి బండి వెనకాలే భోజనాలు కానిచ్చే కుటుంబాలు, మైపాడు బీచ్‌లో సాయంత్రాలు గడిపేవాళ్లు ఇది అడుగుతారు. లెక్క తేలిక. మొత్తం 10 వాట్ల లైట్లు గంటకు సుమారు 0.8 ఆంపియర్-అవర్ తింటాయి. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీకి రెండు మూడు గంటలు ఓ లెక్క కాదు. రాత్రంతా మరచిపోతే 8 దాకా పోతుంది, కొత్త బ్యాటరీ తట్టుకుంటుంది, ముసలి బ్యాటరీ పొద్దున్నే మొండికేస్తుంది. మూడు రోజులు వెలిగితే ఏ బ్యాటరీ అయినా ఖాళీ. డోర్ తెరిచే ఉంచి లైటు మాత్రం ఆపడానికి ఒక చిన్న స్విచ్ పెట్టించుకోండి.

డోర్ మూసినా ఎల్ఈడీ సన్నగా మిణుకుమంటోంది. పాడైందా?

పాడవలేదు. కంట్రోల్ మాడ్యూల్ నుంచి అతి కొద్ది కరెంటు ఎప్పుడూ కారుతుంటుంది. పాత బల్బు దానికి వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది. లైటుకు సమాంతరంగా 1000 ఓమ్స్, అర వాటు రెసిస్టర్ ఒకటి కలిపితే పోతుంది.

ఇదంతా ఎందుకు, చార్జింగ్ లైటు ఒకటి అంటించుకుంటే?

అయస్కాంతంతో అతుక్కునే చార్జింగ్ లైటు దగ్గర ఉండటం మంచిదే. హైవే మీద రాత్రి టైరు మార్చాల్సి వస్తే చేతిలోకి తీసుకోగలిగేది అదే. కానీ లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును ఎండలో నిలబడే బండి డిక్కీలో వేసవంతా వదిలేయొద్దు. వేడికి ఉబ్బుతాయి. ఎండాకాలం ఇంట్లో పెట్టుకుని, ప్రయాణానికి తీసుకెళ్లండి.

రొయ్యల పెట్టెల నీళ్లు కారుతుంటాయి. లైట్లు నిలుస్తాయా?

కింద భాగంలో ఏదీ పెట్టకుండా, కప్పుకూ డోర్‌కూ ఐపీ67 రకం (దుమ్ము, నీరు లోపలికి పోనివి) పెడితే నిలుస్తాయి. ఉప్పునీరు ముందుగా తినేది మైనస్ వైరును బాడీకి బిగించే ఎర్త్ బోల్టును. డిక్కీ నేల మీది బోల్టు వద్దు, పైనున్నది ఎంచుకుని, రంగు గీకి బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంకో శత్రువు ఎలుకలు. మేత, బియ్యం బస్తాలు డిక్కీలో రాత్రంతా ఉంటే వాసనకు వచ్చి వైర్లు కొరుకుతాయి. నేల దగ్గరగా పోయే వైరంతా మడతల గొట్టంలో పోవాలి.

సీఎన్‌జీ బండికి, కరెంటు బండికి పెట్టొచ్చా?

సీఎన్‌జీ సిలిండర్ చాలా బండ్లలో డిక్కీలోనే ఉంటుంది. దాని వాల్వు, పైపుల దగ్గరికి వైరుగానీ, జాయింటుగానీ, రిలేగానీ పోకూడదు. లైటును కప్పుకు పెట్టి, రిలేను డ్యాష్‌బోర్డు దగ్గరే ఉంచుతాం. గ్యాస్ వాసన వస్తుంటే లైటు మాట మరచిపోయి ముందు లీకు చూపించుకోండి.

కరెంటు బండిలోనూ లైట్లకు 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది. అందులో నుంచే తీసుకుంటాం. నారింజ రంగు కేబుళ్లను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

పోలీసులు, ఆర్టీఓ అభ్యంతరం చెబుతారా?

లోపలి తెల్ల లైటు డోర్ తెరిస్తేనే వెలిగేలా ఉంటే ఇబ్బంది లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 108వ రూలు ప్రకారం బండి వెనక్కి ఎరుపు తప్ప వేరే వెలుగు చూపకూడదు, లోపలి లైట్లకు అందులో మినహాయింపు ఉంది. అయినా నడిచే బండిలో డిక్కీ లైటు వెలుగుతుంటే వెనక వచ్చేవాళ్లకు ఇబ్బంది, మన అద్దంలోనూ అదే కనబడి రోడ్డు కనబడదు. ఎరుపు, నీలం మెరుపు లైట్లు అడిగితే నేను పెట్టను.

వారంటీ, ఇన్సూరెన్స్ పోతాయా?

కంపెనీ వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీకి పేచీ పెట్టే అవకాశం ఉంది. వారంటీలో ఉన్న బండికి కప్లర్‌కు కప్లర్ తగిలించే పద్ధతి, ఫ్యూజు ట్యాప్ పద్ధతి మాత్రమే వాడతాం. రెండూ తీసేస్తే బండి మళ్లీ మొదటిలా ఉంటుంది. పాలసీ రెన్యువల్‌లో ఎలక్ట్రికల్ యాక్సెసరీగా దీన్ని చూపించి, బిల్లు దాచుకోండి.

పని అయ్యాక నేను ఏం చూసుకుని డబ్బులివ్వాలి?

ఫ్యూజు ఎక్కడ పెట్టారో, ఎన్ని ఆంపియర్లదో చూపించమనండి. డోర్‌ను మెల్లగా పూర్తిగా ఎత్తి, దించి, ఎక్కడా లైటు మిణుకుమనకుండా చూడండి. ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట లైటు వెలగనిచ్చి చానెల్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. చివరగా ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి, డోర్ మూసి, బండి లాక్ చేయండి. కొన్ని బండ్లలో లైటు ఆరడానికి కాసేపు పడుతుంది కాబట్టి రెండు నిమిషాలు ఆగి తెరిచి ఆ వీడియో చూడండి. తెర పూర్తిగా నల్లబడి ఉంటే డబ్బులు ఇచ్చేయొచ్చు.